దీపక్ ధర్ లెక్కపెట్టిన ఇసుక

2022లో బోల్ట్స్‌మన్ పతకాన్ని ఇద్దరికి కలిపి ఇచ్చారు. ఒకరు అమెరికాకు చెందిన జాన్ హాప్‌ఫీల్డ్, రెండోవారు మన భౌతికశాస్త్రవేత్త దీపక్ ధర్. అసంఖ్యాకమైన కణాలు కలిసి ఎలా ప్రవర్తిస్తాయో చదివే స్టాటిస్టికల్ ఫిజిక్స్‌లో పనిచేసేవాళ్లకు ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు. 1975 నుంచి మూడేళ్లకోసారి ఇస్తున్న ఈ పతకం ఒక భారతీయుడికి రావడం అదే మొదటిసారి. నోబెల్ అందుకున్నవారికి దీన్ని ఇవ్వరు. ఇది అందుకున్నాక నోబెల్ వచ్చినవాళ్లు మాత్రం ఉన్నారు: మొదటి పతకం తీసుకున్న కెన్నెత్ విల్సన్‌కు 1982లో, హాప్‌ఫీల్డ్‌కు 2024లో వచ్చింది.

పతకం వచ్చినప్పుడు, ఆ తర్వాత 2023లో పద్మభూషణ్ ప్రకటించినప్పుడు ధర్ పేరు వార్తల్లో కనిపించింది. నేను చదివిన వార్తల్లో ఆయన చేసిన పని గురించి ఒక్క వాక్యం మించి లేదు, ఆ వాక్యం కూడా చదివి అర్థం చేసుకోగలిగేది కాదు. ఈ లోటు నన్ను బాధిస్తుంది. ఆధునిక సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో మామూలు పాఠకుడు కాగితం, పెన్సిలు తీసుకుని స్వయంగా సరిచూసుకోగల గొప్ప ఫలితాలు చాలా అరుదు. 1990లో ధర్ ఒక్కరే రాసి ప్రచురించిన పరిశోధనా పత్రంలో అలాంటి ఫలితం ఉంది. దాన్ని చూడటానికి కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

ఈ కథ మూడేళ్ల ముందు, 1987లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో మొదలైంది. పెర్ బాక్, చావో టాంగ్, కర్ట్ వీసెన్‌ఫెల్డ్ అనే ముగ్గురు అక్కడ ఒక ప్రశ్న వేసుకున్నారు. ప్రకృతిలో చాలా సంఘటనలకు 'మామూలు పరిమాణం' అంటూ ఉండదు. మనుషుల ఎత్తులు తీసుకుంటే సగటు చుట్టూ గుమిగూడి ఉంటాయి, ఇరవై అడుగుల మనిషి ఎక్కడా కనిపించడు. భూకంపాలు అలా కాదు. తీవ్రత ఒక అంకె పెరిగినప్పుడల్లా వాటి సంఖ్య సుమారు పదో వంతుకు తగ్గుతుంది. చిన్నవి లెక్కలేనన్ని, పెద్దవి అరుదు, మధ్యలో ఎక్కడా గీత గీసినట్టు తెగిపోదు. ఇటువంటి పంపిణీని ఘాత నియమం అంటారు.

భౌతికశాస్త్రవేత్తలకు ఘాత నియమాలు కొత్త కాదు. నీటిని 374 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సుమారు 218 వాతావరణాల పీడనం కింద ఉంచితే ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది. ఆ సందిగ్ధ స్థితిలో చిన్నా పెద్దా అన్ని పరిమాణాల హెచ్చుతగ్గులు ఒకేసారి కనిపిస్తాయి. కానీ అక్కడికి చేరాలంటే ప్రయోగశాలలో ఉష్ణోగ్రతను, పీడనాన్ని ఎంతో జాగ్రత్తగా సరిచేయాలి. భూమి పొరలను అలా సరిచేసేవారు ఎవరూ లేరు కదా! మరి అవి ఆ స్థితికి ఎలా చేరుకున్నాయి? కొన్ని వ్యవస్థలు ఎవరి ప్రమేయమూ లేకుండా, తమంతట తామే సందిగ్ధ స్థితికి చేరుకుంటాయన్నది ఆ ముగ్గురి ప్రతిపాదన. ఉదాహరణగా వాళ్లు కంప్యూటర్‌లో ఒక ఇసుక కుప్పను పోశారు.

నాలుగు గడుల పలక

ఆ కుప్ప నియమాలు ఇవి. చదరంగం పలకలాంటి గళ్ల పలక తీసుకోండి. ఏదో ఒక గడిలో ఒక ఇసుక రేణువు వేయండి. ఒక గడిలో మూడు రేణువుల వరకు నిలుస్తాయి. నాలుగైతే ఆ గడి కూలుతుంది: దానిలోంచి నాలుగు రేణువులు పోయి, నాలుగు దిక్కుల పొరుగు గడులకు ఒక్కొక్కటి చేరతాయి. అంచు దాటిన రేణువు పలక మీంచి పడిపోతుంది, దాన్ని మళ్లీ లెక్కించం. పొరుగు గడి కూడా నాలుగుకు చేరితే అదీ కూలుతుంది. అంతా సద్దుమణిగాక ఇంకో రేణువు వేయాలి. ఒక్క రేణువు వల్ల మొదలై సద్దుమణిగేదాకా సాగే కూలుళ్ల వరసను జారుడు అందాం.

రెండు వరసలు, రెండు నిలువులు ఉన్న అతి చిన్న పలక మీద దీన్ని చేసి చూద్దాం. ఇక్కడ ప్రతి గడికీ పలకలో ఇద్దరే పొరుగువాళ్లు. కాబట్టి గడి కూలినప్పుడల్లా రెండు రేణువులు పొరుగుకు, రెండు బయటికి పోతాయి. నాలుగు గడుల్లోనూ మూడేసి రేణువులున్నాయి అనుకుందాం. పై ఎడమ గడిలో ఇంకొకటి వేశాం, అది నాలుగైంది, కూలింది. ఇప్పుడు పై ఎడమ 0, పై కుడి 4, కింది ఎడమ 4, కింది కుడి 3.

రెండు గడులు ఒకేసారి కూలడానికి సిద్ధంగా ఉన్నాయి. దేన్ని ముందు కూల్చాలి? ముందు పై కుడి గడిని కూల్చండి: అది 0, పై ఎడమ 1, కింది కుడి 4. తర్వాత కింది ఎడమను కూల్చండి: అది 0, పై ఎడమ 2, కింది కుడి 5. చివరగా కింది కుడి కూలుతుంది: అది 1, దాని పొరుగులు రెండూ 1, 1. చివరికి మిగిలిన అమరిక: పై వరసలో 2, 1, కింది వరసలో 1, 1. మొదటి పదమూడు రేణువుల్లో ఎనిమిది పడిపోయాయి, అయిదు మిగిలాయి.

ఇప్పుడు క్రమం మార్చి చేయండి. కింది ఎడమను ముందు కూల్చి, ఆ వెంటనే కింది కుడిని కూల్చి, పై కుడిని ఆఖరుకు ఉంచండి. దారిలో కనిపించే అంకెలు వేరుగా ఉంటాయి, ఒక దశలో పై కుడి గడి 5కు చేరుతుంది. కానీ చివరి అమరిక మళ్లీ అదే: 2, 1, 1, 1. కూలుళ్ల సంఖ్యా అదే, నాలుగు.

ధర్ పట్టుకున్నది దీన్నే. ఎంత పెద్ద పలకైనా, ఎన్ని గడులు ఒక్కసారి కూలడానికి సిద్ధమైనా, ఏ క్రమంలో కూల్చినా చివరికి చేరేది ఒకే అమరిక. కారణం కూడా తేలికే. కూలడానికి సిద్ధంగా ఉన్న గడి పక్కన ఇంకో గడి ముందు కూలినంత మాత్రాన మొదటి గడిలోని రేణువులు తగ్గవు, పెరుగుతాయి తప్ప. కూలవలసిన గడి ఎప్పటికైనా కూలి తీరుతుంది. ప్రతి కూలుడూ కొన్ని చోట్ల కూడిక, ఒకచోట తీసివేత. కూడికలకు క్రమంతో పనిలేదు. అంతేకాదు, ముందు ఈ గడిలో రేణువు వేసి తర్వాత ఆ గడిలో వేసినా, ముందు ఆ గడిలో వేసి తర్వాత ఈ గడిలో వేసినా ఫలితం ఒకటే. ఇలాంటి క్రమరహిత గుణానికి గణితంలో నార్వే గణితవేత్త ఆబెల్ పేరు పెట్టారు. అందుకే ఈ కుప్పకు ఇప్పుడు 'అబీలియన్ ఇసుకకుప్ప' అన్న పేరు స్థిరపడింది.

1987 తర్వాత ఎందరో పరిశోధకులు ఈ నమూనాను కంప్యూటర్లలో లక్షల సార్లు నడిపారు, వక్రరేఖలు గీశారు. ధర్ మాత్రం యంత్రాన్ని పక్కన పెట్టి నియమాన్నే తదేకంగా చూశారు. ఆ చూపు నుంచి వచ్చిన ఫలితాలు ఎంత దూరం వెళ్లాయో చెప్పేముందు ఆయన ఎక్కడినుంచి వచ్చారో కొంచెం చెప్పాలి.

అలహాబాద్ నుంచి కొలాబా దాకా

ధర్ 1951లో ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో పుట్టారు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, కాన్పూర్ ఐఐటీలో ఎమ్మెస్సీ చదివి, పరిశోధన కోసం కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు వెళ్లారు. రిచర్డ్ ఫైన్‌మన్ అక్కడ ఆచార్యుడిగా ఉన్న రోజులవి. 1978లో డాక్టరేట్ పూర్తి చేసుకుని నేరుగా ముంబయికి వచ్చి, కొలాబా సముద్రతీరంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. ఆయన ముఖ్యమైన పని అంతా అక్కడే సాగింది. 1991లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది. 2016 నుంచి పుణెలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో పనిచేశారు.

విద్యార్థిగా ఉండగానే, 1977లో, ఆయన ఒక విచిత్రమైన ప్రశ్న మీద పత్రం రాశారు: ఒక జాలకానికి, అంటే బిందువులను గీతలతో కలిపిన అల్లికకు, ఒకటిన్నర లాంటి పరిమాణం (డైమెన్షన్) ఉండవచ్చా? గీతకు ఒక పరిమాణం, తలానికి రెండు అని మనం బడిలో నేర్చుకుంటాం. కానీ పరిమాణాన్ని ఇంకో విధంగా కూడా కొలవవచ్చు. దిక్కు తెలియకుండా అడుగులు వేసే బాటసారిని ఒక చోట వదిలి, కొన్ని అడుగుల తర్వాత అతను బయలుదేరిన చోటే ఉండే సంభావ్యత ఎంత వేగంగా తగ్గుతోందో చూడాలి. తిన్నని దారి మీద అడుగులు నాలుగు రెట్లయితే ఆ సంభావ్యత సగమవుతుంది, మైదానంలో నాలుగో వంతవుతుంది. త్రిభుజంలో త్రిభుజాలు కోసుకుంటూ పోతే వచ్చే సియెర్పిన్‌స్కీ త్రిభుజంలాంటి చిల్లుల ఆకారాల మీద అది ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. ఈ లెక్క ప్రకారం ఆ త్రిభుజం పరిమాణం 1.365. స్పెక్ట్రల్ డైమెన్షన్ అన్న పేరు ఈ కొలతకు తర్వాతి పరిశోధకులు పెట్టారు. వేడి, కంపనాలు చిల్లుల పదార్థాల్లో ఎలా పాకుతాయో చెప్పడానికి ఇప్పుడిది నిత్యం వాడే పనిముట్టు. బోల్ట్స్‌మన్ పతక ప్రశంసా పత్రంలో దీని ప్రస్తావన ఉంది.

1980ల మొదట్లో ఆయన దృష్టి గుంపులను లెక్కపెట్టడం మీదికి మళ్లింది. ఒక గడితో మొదలుపెట్టి కుడికో కిందికో మాత్రమే పెరిగే గుంపులు ఎన్ని ఉంటాయి? ఒక గడికి 1, రెండు గడులకు 2, మూడింటికి 5, నాలుగింటికి 13, అయిదింటికి 35. మూడు గడుల దాకా మీరే గీసి చూసుకోవచ్చు. ఈ లెక్కను, పక్కపక్కన కూర్చోలేని వాయు అణువుల సమస్యగా మార్చవచ్చని ధర్ చూపారు. ఆ వాయువు గురించి తెలిసినదంతా అప్పుడు గుంపుల లెక్కకు పనికొచ్చింది. ఈ కాలంలో ఆయనతో కలిసి పనిచేసిన ముస్తన్‌సిర్ బర్మా తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరయ్యారు.

ఈ రెండు పనుల్లోనూ, తర్వాతి ఇసుక పనిలోనూ ధర్ పద్ధతి ఒక్కటే. అంచనాతో ఆగకుండా కచ్చితమైన సమాధానం దొరికేదాకా సమస్యను చిన్నది చేస్తారు. ఆ చిన్న సమస్యను మాత్రం పూర్తిగా సాధిస్తారు.

బోల్ట్స్‌మన్ అనుకున్నది, ధర్ రుజువు చేసినది

మళ్లీ నాలుగు గడుల పలక దగ్గరికి వద్దాం. గడికి 0 నుంచి 3 దాకా నాలుగు అవకాశాలు, కాబట్టి మొత్తం అమరికలు 256. రేణువులు వేస్తూ పోతే ఈ 256లో కొన్ని మళ్లీ మళ్లీ వస్తాయి, కొన్ని ఒకసారి పోతే ఇక ఎన్నటికీ రావు.

ఉదాహరణకు, నాలుగు గడుల్లోనూ ఒక్కొక్క రేణువే ఉన్న అమరిక చూడటానికి సాదాగా ఉంది. కానీ అది మళ్లీ రాదు. ఎందుకంటే, ప్రతి గడీ కనీసం ఒకసారి కూలేంత కాలం గడిచిందనుకోండి. ఒక్కో గడి చివరిసారి ఎప్పుడు కూలిందో రాసుకోండి. ఆ నాలుగు చివరి కూలుళ్లలో అన్నిటికన్నా ముందు జరిగింది ఏ గడిదో చూడండి. ఆ గడి కూలాక దాని పొరుగు గడులు రెండూ కనీసం ఒక్కొక్కసారి కూలాయి, అంటే దానికి రెండు రేణువులు వచ్చి చేరాయి. అది మళ్లీ కూలలేదు కనుక ఆ రెండూ దానిలోనే ఉన్నాయి. కాబట్టి ఎప్పుడు చూసినా ఏదో ఒక గడిలో కనీసం రెండు రేణువులు ఉండి తీరాలి. పక్కపక్క గడులు రెండూ ఖాళీగా ఉండటం కూడా ఇలాంటి కారణంతోనే కుదరదు.

మరి తిరిగి వచ్చే అమరికలు ఎన్ని? ఇక్కడ ధర్ ఇచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక మాత్రిక (అంకెల పట్టిక) రాయండి. ప్రతి గడికీ ఒక అడ్డు వరస, ఒక నిలువు వరస. వికర్ణం మీద 4, పొరుగు గడులున్న చోట −1, మిగతా చోట్ల 0. దాని నిర్ధారకమే (డిటర్మినెంటే) సమాధానం. ఇంటర్మీడియట్ గణితంలో నేర్చుకునే నిర్ధారకమే! నాలుగు గడుల పలకకు ఆ విలువ 192. అంటే 256లో 64 అమరికలు శాశ్వతంగా మాయమవుతాయి. తొమ్మిది గడుల పలకకు మొత్తం 2,62,144 అమరికల్లో 1,00,352 మాత్రమే మిగులుతాయి. పలక చాలా పెద్దదైతే లెక్క ఇంకో రూపంలో బయటపడుతుంది: గడికి నాలుగు అవకాశాలు ఉన్నట్టు కనిపించినా, సగటున 3.21 అవకాశాలు ఉన్నట్టే కుప్ప నడుచుకుంటుంది.

అంతకన్నా లోతైన సంగతి ఇంకొకటి ఉంది. పతకానికి ఎవరి పేరు పెట్టారో ఆ లుడ్విగ్ బోల్ట్స్‌మన్ సమాధి వియన్నాలో ఉంది. దాని మీద ఆయన సూత్రం చెక్కి ఉంటుంది: ఎస్ = కె లాగ్ డబ్ల్యూ. ఎస్ అంటే ఎంట్రోపీ, డబ్ల్యూ అంటే ఒక వ్యవస్థ ఉండగల సూక్ష్మ స్థితుల సంఖ్య. ఈ సూత్రం వెనుక ఒక ఊహ ఉంది. బయటి ప్రపంచంతో ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా సమతాస్థితిలో ఉన్న వ్యవస్థలో ఆ సూక్ష్మ స్థితులన్నీ సమాన సంభావ్యత కలవి అని మనం అనుకుంటాం. అలా అనుకుని వేసిన లెక్కలు ప్రయోగాలతో సరిపోతాయి కనుక ఆ ఊహను నమ్ముతాం. నిజమైన పదార్థానికి దాన్ని గణితపరంగా రుజువు చేయడం చాలా కష్టం.

ఇసుక కుప్ప సమతాస్థితిలో లేదు. పైనుంచి రేణువులు వస్తూనే ఉంటాయి, అంచుల్లోంచి పోతూనే ఉంటాయి. ఇలాంటి వ్యవస్థలకు బోల్ట్స్‌మన్ ఊహ వర్తించాలన్న నియమం ఏదీ లేదు, చాలావాటికి వర్తించదు కూడా. కానీ ఈ కుప్పలో తిరిగి వచ్చే 192 అమరికలూ సరిసమాన సంభావ్యతతో వస్తాయని ధర్ రుజువు చేశారు. తర్కం ఇంతే. తిరిగి వచ్చే ఒక అమరికను తీసుకోండి. అది తన దగ్గరికే తిరిగి వచ్చే దారిలో, మీరు ఎంచుకున్న గడిలో కూడా ఎక్కడో ఒకచోట రేణువు వేసే ఉంటారు. క్రమంతో పనిలేదు కనుక ఆ రేణువును వరసలో చివరికి జరపవచ్చు. అంటే ఏ గడిలో రేణువు వేసి చూసినా, 192 అమరికల్లో ప్రతిదానికీ వెనుక దారి ఒకటి ఉంది. 192 అమరికల నుంచి 192 అమరికలకు వెళ్లే దారుల్లో ఏ గమ్యమూ ఖాళీగా మిగలలేదంటే, ఏ రెండూ ఒకదానిలో కలవలేదన్నమాట. ఎవరికీ వాటా పెరగదు, తరగదు. మొదట సమానంగా ఉన్న సంభావ్యతలు ఎప్పటికీ సమానంగానే ఉంటాయి.

బోల్ట్స్‌మన్ పతకం పొందిన పని బోల్ట్స్‌మన్ ప్రశ్నకే, సమతాస్థితికి బయట ఉన్న ఒక లోకంలో, పూర్తి రుజువుతో సమాధానం ఇచ్చింది. నేను ధర్ పనిని ఇంతగా అభిమానించడానికి ముఖ్య కారణం ఇదే.

ఒక అమరిక తిరిగి వచ్చేదా కాదా అని తేల్చడానికి ధర్ ఒక పరీక్ష కూడా ఇచ్చారు. పలక బయటినుంచి నిప్పు పెట్టండి. ఇంకా కాలని పొరుగు గడులు ఎన్ని ఉన్నాయో, గడిలో కనీసం అన్ని రేణువులుంటే అది కాలుతుంది. పలకంతా కాలిపోతే ఆ అమరిక తిరిగి వచ్చేదే. ఎక్కడైనా కొన్ని గడులు కాలకుండా మిగిలితే కాదు. మన 2, 1, 1, 1 అమరికను పరీక్షించండి: ముందు 2 ఉన్న గడి, తర్వాత దాని రెండు పొరుగులు, ఆఖరున మూలది, అన్నీ కాలిపోతాయి. నిప్పు ఒక గడి నుంచి ఇంకో గడికి పాకిన దారిని గీస్తే కొమ్మలు తొడిగిన చెట్టు బొమ్మ వస్తుంది. ఇలాంటి చెట్లను లెక్కపెట్టే సిద్ధాంతాన్ని 1847లోనే కిర్కాఫ్ విద్యుత్ వలయాల కోసం కనిపెట్టి ఉంచాడు. ఇసుకకూ ఆ చెట్లకూ ఉన్న సంబంధం మీద ధర్, ఆయన విద్యార్థి సత్య మజుందార్ కలిసి పనిచేశారు. అనంతమైన పలకలో ఖాళీ గడుల వాటాను కూడా వాళ్లు కచ్చితంగా లెక్కగట్టారు. ఆ సంఖ్యలో వృత్తాల లెక్కల్లో వచ్చే పై (π) వచ్చి చేరింది: పై వర్గంతో 2ను భాగించి, అందులోంచి పై ఘనంతో 4ను భాగించగా వచ్చినదాన్ని తీసివేయాలి. సుమారు 0.074, అంటే నూటికి ఏడు గడులకు కాస్త ఎక్కువ. వృత్తమే లేని చదరపు గళ్లలోకి పై ఎలా వచ్చిందా అని ఆగి ఆలోచించవలసిన చోటు ఇది. ధర్ నిప్పు పరీక్ష ఇప్పుడు ఇసుకతో, భౌతికశాస్త్రంతో పనిలేని గ్రాఫ్ గణితవేత్తల చేతిలో ఆయన పేరుతోనే చలామణి అవుతోంది.

జారుడు ఎంత సేపు సాగుతుంది?

అసలు ప్రశ్న భూకంపాల్లాంటి ఘాత నియమం గురించి కదా. దానికి ధర్ 1989లోనే, రామకృష్ణ రామస్వామితో కలిసి, ఒక సరళమైన కుప్పలో జవాబు చెప్పారు. రామస్వామి తర్వాతి కాలంలో, 2011 నుంచి 2015 వరకు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

వాళ్ల కుప్పలో ఇసుక కిందికే జారుతుంది. గడిలో రెండు రేణువులైతే అది కూలి, కింది వరసలో తనకు ఆనుకున్న రెండు గడులకు ఒక్కొక్కటి ఇస్తుంది. అంతా స్థిరపడిన తర్వాత ప్రతి గడిలో 0 గానీ 1 గానీ ఉంటుంది, సగం సగం సంభావ్యతతో. ఇప్పుడు ఒక వరసలో పక్కపక్కనున్న అయిదు గడులు కూలాయి అనుకోండి. కింది వరసలో ఆరు గడులకు ఇసుక చేరుతుంది. మధ్యలోని నాలుగింటికి రెండేసి రేణువులు వస్తాయి, కనుక అవి తప్పక కూలుతాయి. రెండు కొసల గడులకు మాత్రం ఒక్కొక్కటే వస్తుంది. ఆ కొస గడిలో ముందే ఒక రేణువుంటే కూలుతుంది, లేకపోతే ఆగుతుంది. అంటే ప్రతి కొస దగ్గరా ఒక నాణెం ఎగరేసినట్టే. జారుడు వెడల్పు ఒకటి పెరగడానికి పావు వంతు, ఒకటి తగ్గడానికి పావు వంతు, అలాగే ఉండటానికి సగం వంతు అవకాశం. వెడల్పు సున్నా అయిన క్షణాన జారుడు ఆగిపోతుంది.

జూదగాడు ఎన్ని ఆటలకు దివాలా తీస్తాడన్న పాత సంభావ్యతా లెక్క ఇది. జవాబు తెలిసినదే: నాలుగు రెట్లు ఎక్కువ సేపు నిలిచే జారుళ్లు సగం మాత్రమే ఉంటాయి, పదహారు రెట్లు నిలిచేవి పావు వంతు. ఎక్కడా 'మామూలు' జారుడు అంటూ లేదు. ఎవరూ ఏ మీటా తిప్పకుండా, కేవలం పైనుంచి ఇసుక పోస్తూ ఉంటే, ఘాత నియమం దానంతట అదే వచ్చింది. కంప్యూటర్ గీసిన వక్రరేఖ మీద స్కేలు పెట్టి చూసి 'తిన్నగానే ఉంది' అనడం ఒకటి. ఇలా వరస వరసగా రుజువు చేయడం ఇంకొకటి. బాక్ ఆలోచనకు గట్టి నేల దొరికింది ఇలాంటి రుజువులతోనే.

ఈ తేడా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 1990లలో ఇసుక కుప్ప పేరు మీద జీవ పరిణామం, స్టాక్ మార్కెట్, మెదడు, ట్రాఫిక్ జాములు అన్నిటినీ వివరించే ప్రయత్నాలు వెల్లువెత్తాయి. వాటిలో కొన్ని నిలిచాయి. చాలావాటికి ఆధారం గ్రాఫు మీద తిన్నగా కనిపించిన గీత ఒక్కటే. నిజమైన ఇసుక కూడా ఈ నమూనాలా ప్రవర్తించదని షికాగోలోని ప్రయోగాలు 1989లోనే తేల్చాయి. గుండ్రని రేణువులు ఒకసారి దొర్లడం మొదలుపెడితే వేగం పుంజుకుంటాయి, పెద్ద జారుళ్లు ఇంచుమించు సమాన వ్యవధిలో వస్తాయి. 1996లో నార్వేలోని ఓస్లోలో ఇసుకకు బదులు బియ్యం పోసి చూశారు. పొడవాటి గింజల బియ్యంలో ఘాత నియమం కనిపించింది, పొట్టి గింజల్లో కనిపించలేదు. పొడవాటి గింజ దొర్లదు, రాసుకుంటూ జారి ఆగిపోతుంది. ఆ బియ్యపు కుప్ప కోసం రూపొందించిన నమూనాలోనూ క్రమరహిత గుణం ఉందని 2004లో ధర్ చూపారు.

నమూనా అన్నిటికీ వర్తిస్తుందని ధర్ ఎన్నడూ తొందరపడలేదు. వర్తించే మేరకు దాని గురించి తెలుసుకోగలిగినదంతా తెలుసుకున్నారు. శాస్త్రంలో ఈ ఓపికకు దక్కవలసినంత మన్నన దక్కడం లేదని నా అభిప్రాయం. అందరూ కొత్త ఉదాహరణల వేటలో ఉన్నప్పుడు ఒకే పలక దగ్గర కూర్చోవడానికి ధైర్యం కావాలి.

2009లో ఆయన, త్రిదిబ్ సాధు, సమర్థ్ చంద్ర కలిసి ఈ పలకనే ఇంకో వైపు నుంచి చూశారు. రేణువులన్నీ ఒకే ఒక్క గడిలో వేస్తూ పోతే, రంగులద్దిన ముగ్గులా ఒక ఆకృతి విచ్చుకుంటుంది. రేణువులు పెరిగేకొద్దీ అది పెద్దదవుతుంది, కానీ లోపలి భాగాలన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. అంచున మాత్రమే పొరలు చేరుతూ పెరిగే స్ఫటికాల తీరు వేరు. పసిబిడ్డ చేతులు, కాళ్లు, తల అన్నీ కలిసి పెరగడాన్ని ఇది గుర్తు చేస్తుందని, అందుకే అధ్యయనం చేయదగ్గదని వాళ్లు భావించారు. ఒక రకం జాలకం మీద ఆ ఆకృతిని కచ్చితంగా వర్ణించగలిగారు.

1987 నాటి మూల పలక మీద మాత్రం అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అక్కడ తిరిగి వచ్చే అమరికలు ఎన్నో తెలుసు, అవన్నీ సమానమని తెలుసు, ఖాళీ గడుల వాటా తెలుసు. గడికి సగటున 17/8 రేణువులు ఉంటాయన్న సంగతి కూడా, ధర్ తర్వాత వచ్చినవాళ్ల శ్రమతో, రుజువైంది. కానీ జారుళ్ల పరిమాణం ఏ ఘాతాంకాన్ని అనుసరిస్తుందో పూర్తి రుజువుతో చెప్పినవారు లేరు. కిందికి మాత్రమే జారే కుప్పలో ఒక గడి ఒక జారుడులో ఒక్కసారే కూలుతుంది. ఇక్కడ ఇసుక వెనక్కి కూడా వస్తుంది, ఒకే గడి అదే జారుడులో మళ్లీ మళ్లీ కూలుతుంది. అందుకే రెండు కొసల దగ్గర నాణేలు ఎగరేసే ఉపాయం ఇక్కడ పనిచేయదు.